ఇరవైనాలుగో వంతు రోల్స్ రాయిస్: పాతకాలపు విలాస కారు నమూనాను ఎలా కట్టాలి, ఎలా తీర్చిదిద్దాలి

హైదరాబాదులో ఉంటూ పాతకాలపు కార్ల నమూనాలు కట్టాలనుకునేవారికి ఒక మంచి అవకాశం ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్‌ను కళ్లారా చూడవచ్చు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరు చేసిన ఆ పసుపు రంగు కారుకు లండన్‌లోని బార్కర్ సంస్థ బాడీ కట్టింది. 1911లోనే ఆయన కన్నుమూయడంతో అది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు వాహనమైంది. పుస్తకంలో బొమ్మ చూసి నమూనా కట్టడానికీ, అలాంటి కారు ముందు ఓ అరగంట నిలబడి వచ్చాక కట్టడానికీ చాలా తేడా ఉంటుంది. తలుపు అంచు ఎంత సన్నగా ఉంటుందో, ఇత్తడి, నికెల్ ఏ ఛాయల్లో మెరుస్తాయో, పాత రంగు మీద వెలుతురు ఎలా పరచుకుంటుందో అక్కడే అర్థమవుతుంది. శుక్రవారం ప్యాలెస్‌కు సెలవు కాబట్టి మరో రోజు చూసుకుని వెళ్లండి.

ఈ వ్యాసంలో ఉదాహరణగా ఇటలీకి చెందిన ఇటలేరి సంస్థ 1/24 కొలతలో చేసిన రోల్స్ రాయిస్ ఫాంటమ్ 2 ప్లాస్టిక్ కిట్‌ను తీసుకుంటున్నాను. పద్ధతి మాత్రం ఏ పాతకాలపు విలాస కారుకైనా ఇదే. పోచర్ సంస్థ 1/8 కొలతలో చేసిన పెద్ద కిట్లు ఎంత ఆకర్షించినా, వాటిలో లోహపు భాగాలూ మరలూ లెక్కకు మిక్కిలిగా ఉంటాయి కాబట్టి మొదటి ప్రయత్నానికి వాటి జోలికి వెళ్లవద్దని నా సలహా.

ముందుగా ఒకే కారును, ఒకే సంవత్సరాన్ని ఎంచుకోండి

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోల్స్ రాయిస్ సంస్థ ఛాసిస్, ఇంజను, రేడియేటర్ వరకే తయారు చేసి ఇచ్చేది. బాడీని మాత్రం కొన్నవారు తమకు నచ్చిన కోచ్‌బిల్డర్ దగ్గర, అంటే బార్కర్, హూపర్, పార్క్ వార్డ్, థ్రప్ అండ్ మేబర్లీ వంటి సంస్థల దగ్గర విడిగా కట్టించుకునేవారు. అందువల్ల ఫాంటమ్ 2 కార్లన్నీ ఒకేలా ఉండవు. పెట్టె తెరవకముందే మీరు కట్టబోయేది ఏ కారో, అది ఏ సంవత్సరంలో ఎలా ఉండేదో నిర్ణయించుకుని, ఆ ఒక్క కారు ఫొటోలను మాత్రమే పని బల్ల ముందు అంటించుకోండి. నాలుగు కార్ల నుంచి నచ్చిన అంశాలు ఏరుకుని ఒకే నమూనాలో కలిపితే, చూసినవారికి కారణం తెలియకపోయినా ఏదో అతకలేదన్న భావన తప్పక కలుగుతుంది.

సంవత్సరం తెలిస్తే చాలా సందేహాలు వాటంతటవే తీరిపోతాయి. సిల్వర్ గోస్ట్ కడుతున్నారనుకోండి. దాని ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా ఉంటాయి, ఒక్కో సిలిండరుకు రెండు స్పార్క్ ప్లగ్గులు ఉంటాయి, కాబట్టి ఇంజనుకు పన్నెండు ప్లగ్గు తీగలు కావాలి. 1923కు ముందు కారైతే ముందు చక్రాలకు బ్రేకు డ్రమ్ములు ఉండకూడదు. రేడియేటర్ మీద నిలిచే స్త్రీమూర్తి, అంటే చార్లెస్ సైక్స్ మలిచిన 'స్పిరిట్ ఆఫ్ ఎక్స్‌టసీ', 1911లో వచ్చింది కాబట్టి అంతకు ముందరి కారుకు దాన్ని పెట్టడం తప్పు. రేడియేటర్ ముఖం మీది జంట అక్షరాలు మొదట్లో ఎరుపు, 1933 నాటికి నలుపు. అన్నిటికంటే ముఖ్యమైనది లోహపు ఛాయ. కార్లకు క్రోమ్ పూత 1920ల చివర్లో గానీ వాడుకలోకి రాలేదు. అంతకు ముందు కార్ల మీద మెరిసేది నికెల్, ఇంకా పాతవైతే ఇత్తడి. 1914 నాటి కారుకు నీలి మెరుపుతో క్రోమ్ పూసిన నమూనాలు ఎన్నో కనిపిస్తాయి. మిగిలిన పనితనం ఎంత గొప్పదైనా ఆ ఒక్క తప్పు కారును దాదాపు పదిహేనేళ్లు ముందుకు తోసేస్తుంది.

చౌమహల్లాలో గానీ మరో ప్రదర్శనశాలలో గానీ ఫొటోలు తీసేటప్పుడు అక్కడి నిబంధనలు ముందే కనుక్కోండి. కారుకు దగ్గరగా నిలబడి తీస్తే ముందు చక్రం పెద్దదిగా, వెనుకది చిన్నదిగా పడి కొలతలకు పనికిరాకుండా పోతుంది. వీలైనంత దూరం జరిగి, జూమ్ చేసి, కారు నడుము ఎత్తు నుంచి సరిగ్గా పక్కకు తీయండి. ఒక ఫొటోలో తెల్ల కాగితాన్ని కూడా పడేలా చూసుకుంటే, ఆ గది దీపాల వల్ల రంగు ఎంత మారిందో తర్వాత ఇంట్లో సరిచూసుకోవచ్చు.

24తో గుణించి చూడండి

1/24 కొలతలో మీరు చేసే ప్రతి పనినీ 24తో గుణించి చూసే అలవాటు చేసుకోండి. ఈ వ్యాసంలో చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంది. నమూనా మీద రంగు మందం 0.1 మిల్లీమీటరు ఉందంటే, అసలు కారు మీద అది 2.4 మిల్లీమీటర్ల పూత అన్నమాట. ఏ కారు మీదా రంగు అంత మందంగా ఉండదు. అసలు కారు తలుపు చుట్టూ ఉండే సందు మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు, అంటే నమూనాలో 0.15 మిల్లీమీటరు. కిట్లలో ఆ గీత అంతకు రెట్టింపు వెడల్పుతో రావడం మామూలే. చక్రంలోని ఊచ అసలు కారులో 5 మిల్లీమీటర్లయితే నమూనాలో 0.2 మిల్లీమీటరు. తలుపు కింద సాగే సన్నని రంగు గీత 3 మిల్లీమీటర్లయితే నమూనాలో 0.13 మిల్లీమీటరు.

కిట్ కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా ఇలాగే తెలుసుకోవచ్చు. ఫాంటమ్ 2 పొట్టి ఛాసిస్‌లో ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 144 అంగుళాలు, కాబట్టి నమూనాలో అది సరిగ్గా 6 అంగుళాలు రావాలి. ఆరడుగుల మనిషి ఈ కొలతలో మూడు అంగుళాలు ఉంటాడు. అట్టతో అలాంటి మనిషి ఆకారం ఒకటి కత్తిరించి పెట్టుకోండి. తలుపు పిడి అతని చేతికి అందుతోందా, స్టీరింగ్ చక్రం అతని రెండు చేతుల మధ్య ఇముడుతోందా అని చూస్తే, కొలబద్దతో పట్టుకోలేని తప్పులు కూడా బయటపడతాయి.

పనిముట్లు

చాలా పనిముట్లు ఊళ్లోనే దొరుకుతాయి. సన్నని పట్టకార్లు, చిన్న ఆకురాళ్లు, చేత్తో తిప్పే బర్మా కావాలంటే స్వర్ణకారులకు సామాను అమ్మే దుకాణాలకు వెళ్లండి. సికింద్రాబాదులో పాట్ మార్కెట్ పరిసరాల్లోనూ, పాతబస్తీలోనూ అవి ఉన్నాయి. వాటి నాణ్యత నమూనాల పనికి చక్కగా సరిపోతుంది. నీళ్లతో రుద్దే ఎమరీ కాగితాలు 400 నుంచి 2000 నంబరు వరకు రాణిగంజ్‌లో గానీ, కారు రంగుల దుకాణాల్లో గానీ దొరుకుతాయి. సన్నని రాగి తీగ కోసం మోటార్లకు వైండింగ్ కట్టే దుకాణంలో అడగండి. 36 గేజి తీగ 0.19 మిల్లీమీటరు, 30 గేజి తీగ 0.31 మిల్లీమీటరు ఉంటుంది. మొదటిది బ్రేకు గొట్టాలకూ, రెండోది ప్లగ్గు తీగలకూ సరిపోతుంది. నమూనాల కోసమే చేసిన పలుచటి సిమెంటు (ప్లాస్టిక్ జిగురు), ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), మెటల్ ఫాయిల్ వంటివి మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే మేలు.

పెట్టె తెరిచాక

భాగాలను అవి అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేముల నుంచి విడదీయకుండానే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు ద్రవం వేసి, మెత్తని బ్రష్‌తో కడగండి. అచ్చు నుంచి భాగాలు తేలిగ్గా ఊడిరావడానికి పూసే జిడ్డు మిగిలి ఉంటే రంగు పట్టదు. చివరిసారి కడగడానికి బోరు నీళ్లు వాడకండి. అందులోని ఉప్పు ఆరాక తెల్లటి మరకలుగా తేలుతుంది. ఇంట్లోని ఆర్వో నీళ్లు చాలు.

ఆ తర్వాత జిగురు లేకుండానే బాడీ, బానెట్, మడ్‌గార్డులు, రేడియేటర్, ఛాసిస్ అన్నిటినీ టేపుతో, రబ్బరు బ్యాండ్లతో ఒకసారి కూర్చి చూడండి. పొడవైన బానెట్ ఉన్న కార్లలో అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది. రేడియేటర్ ఒక వెంట్రుకవాసి వాలినా బానెట్ వెనుక అంచు దగ్గర సందు తెరుచుకుంటుంది. ఛాసిస్ మెలితిరిగి ఉంటే బల్ల మీద నాలుగు చక్రాలూ ఆనవు. మెలితిరిగిన ఛాసిస్‌ను చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో కాసేపు ముంచి, అద్దం పలక మీద పెట్టి, బరువు ఉంచి చల్లారనివ్వండి. ఈ కూర్పు సరిగ్గా కుదిరేవరకు జిగురు సీసా మూత తీయకండి.

అచ్చు రెండు సగాలు కలిసే చోట ఏర్పడే సన్నని గీతను మడ్‌గార్డుల మీద, బంపర్ల మీద తప్పనిసరిగా తొలగించాలి. ముందుగా బ్లేడు వెన్నుతో గీకి, 600 ఎమరీతో నీళ్లలో రుద్దండి. గుంటలుంటే పుట్టీ నింపి, పూర్తిగా ఆరాకే రుద్దండి. పుట్టీ ఆరుతున్న కొద్దీ కుంగుతుంది కాబట్టి, తొందరపడితే అదే గుంట రంగు వేశాక మళ్లీ కనిపిస్తుంది.

తలుపులను తెరుచుకునేలా చేయాలన్న ఉబలాటం చాలామందికి ఉంటుంది. ఈ కొలతలో అసలు కీలు మందాన్ని అనుకరించడం దాదాపు అసాధ్యం. తెరుచుకునే తలుపు మూసినప్పుడు సందు వెడల్పవుతుంది, కారు పక్క నుంచి చూసినప్పుడు సాగే ఆ పొడవైన గీత చెదిరిపోతుంది. కోచ్‌బిల్డర్ల ప్రతిభ అంతా ఆ గీతలోనే ఉంది కాబట్టి తలుపులను మూసే అంటించి, తెరిచి చూపే ముచ్చటను బానెట్‌కు పరిమితం చేయడం మంచిదని నా అభిప్రాయం. తలుపు చుట్టూ ఉన్న గీతను బ్లేడు వెన్నుతో, ఒత్తకుండా, మళ్లీ మళ్లీ గీస్తూ లోతు చేయండి. వెడల్పు చేయవద్దు. ప్రైమర్, రంగు, క్లియర్ (రంగు పైన మెరుపు కోసం వేసే పారదర్శక పూత) మూడూ పడ్డాక ఆ లోతులో సగం పూడిపోతుంది కాబట్టి ఈ పని రంగుకు ముందే జరగాలి.

రంగు

విలాస కారు నమూనాలో చూపు మొదట నిలిచేది రంగు మీదే. దీనికి కేటాయించే సమయం మిగతా పనులన్నిటికంటే ఎక్కువగా ఉండాలి.

రంగు వేసే రోజును హైదరాబాదు వాతావరణాన్ని బట్టి ఎంచుకోవాలి. జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు గాలిలో తేమ ఎక్కువ. త్వరగా ఆరే లాకర్ రంగులోని థిన్నర్ (రంగును పలుచన చేసే ద్రవం) వేగంగా ఆవిరైనప్పుడు ఆ చోటు చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరుతుంది, నిగనిగలాడాల్సిన నలుపు తెల్లటి పొగ పట్టినట్టు మసకబారుతుంది. వర్షం పడుతున్న రోజున లాకర్ వేయకండి. వేయక తప్పకపోతే నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ కలపండి. ఏప్రిల్, మే నెలల్లో కథ వేరు. మధ్యాహ్నపు ఎండవేళ రంగు గాలిలోనే సగం ఆరి, పొడిగా వచ్చి పడుతుంది, ఉపరితలం గరుకుగా తేలుతుంది. వేసవిలో తెల్లవారుజామున, ఊళ్లో దుమ్ము రేగకముందే పని ముగించుకోవాలి. ఫ్యాను ఆపేసి, నేల మీద కాసిని నీళ్లు చల్లితే గదిలోని దుమ్ము అణగుతుంది. వానకాలంలో మాత్రం ఈ నీళ్లు చల్లే పద్ధతి పనికిరాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉండే పొడి చలికాలం ఈ పనికి అన్నిటికంటే అనువైన కాలం. వీలుంటే కట్టుబడి పనులు వానల్లో ముగించి, బాడీ రంగును ఆ నెలలకు అట్టిపెట్టుకోండి.

కారు రంగుల దుకాణంలో మీరు చెప్పిన ఛాయను కొద్ది మోతాదులో కలిపిస్తారు. ఆ డుకో రంగు తక్కువ ఖర్చుతో మంచి మెరుపునిస్తుంది. కానీ దాని థిన్నర్ పోలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది. ముందుగా పారేయబోయే ఫ్రేము ముక్క మీద వేసి చూడండి. ఆ తర్వాత బాడీకి నమూనాల కోసం చేసిన ప్రైమర్‌ను, తడిసీ తడవనట్టు, రెండు మూడు పూతలుగా వేసి పూర్తిగా ఆరనివ్వండి. ప్రైమర్ దిగువనున్న ప్లాస్టిక్‌ను కాపాడాలి కాబట్టి అంచుల దగ్గర అది పలుచబడకుండా చూసుకోండి. ఎనామెల్ పూత మీద లాకర్ ఎన్నడూ వేయకండి, ముడతలు పడుతుంది. లాకర్ మీద ఎనామెల్ వేయడంలో ఇబ్బంది లేదు.

ఛాయ ఎంపికలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆ కాలపు కార్లలో చాలావాటికి లోహపు రేణువులు లేని నిండు రంగులే ఉండేవి. ఇప్పటి కార్లకు వాడే మెటాలిక్ రంగులోని రేణువులు 24తో గుణిస్తే ఇసుక రేణువులంత కనిపిస్తాయి. రెండోది, నిజాం కారులాంటి పసుపు వేయాలనుకుంటే బూడిద రంగు ప్రైమర్ వద్దు. పసుపు కింది రంగును సరిగా కప్పదు, బూడిద మీద అది ఆకుపచ్చగా, వాడిపోయినట్టు కనిపిస్తుంది. తెల్ల ప్రైమర్ మీద పలుచగా గులాబి రంగు వేసి, దాని మీద పసుపు వేస్తే ఛాయ వెచ్చగా, నిండుగా నిలుస్తుంది.

గాలి ఒత్తిడితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ వాడేటప్పుడు రంగును పాలంత పలుచగా కలిపి, గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ మధ్య ఉంచి, పది పన్నెండు సెంటీమీటర్ల దూరం నుంచి వేయండి. చేతిని బాడీ బయట మొదలుపెట్టి బాడీ బయటే ఆపాలి. మధ్యలో ఆపితే అక్కడ రంగు కారుతుంది. మొదటి పూత కింది రంగు కనిపించేంత పలుచగానే ఉండాలి. అంచులు, తలుపు గీతలు, మడ్‌గార్డు మలుపుల దగ్గర ముందుగా కొద్దిగా వేసి, ఆ తర్వాత వెడల్పైన భాగాలకు వెళ్లండి. మొత్తం నాలుగైదు పలుచటి పూతలు చాలు. రంగు ఆరిందో లేదో వేలితో కాకుండా ముక్కుతో తెలుసుకోండి. థిన్నర్ వాసన వస్తున్నంత కాలం అది లోపల ఆరలేదని అర్థం, దాన్ని రుద్దకూడదు.

రెండు భాగాలు కలిపి వాడే 2కె క్లియర్ అద్దంలాంటి నునుపునిస్తుంది గానీ, దాని గట్టిదనానికి కారణమైన ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదకరం. మామూలు ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుందే తప్ప ఆవిరిని ఆపదు. తగిన కార్ట్రిడ్జ్‌లున్న రెస్పిరేటర్, బయటకు గాలిని తోసే ఫ్యాను లేకుండా ఇంట్లో 2కె వాడవద్దు. ఫ్లాట్లలో ఉండేవారికి, చిన్నపిల్లలున్న ఇళ్లకు నమూనాల కోసం చేసిన లాకర్ క్లియరే మంచిది.

క్లియర్ ఆరిన తర్వాత 2000 ఎమరీని సబ్బు నీళ్లలో ముంచి, చిన్న రబ్బరు ముక్కకు చుట్టి, ఎప్పుడూ ఒకే దిశలో రుద్దండి. మెరుపంతా పోయి బాడీ సమంగా మసకబారాలి. ఎక్కడైనా మెరిసే చుక్క మిగిలిందంటే అది ఇంకా పల్లంలో ఉందని అర్థం. మడ్‌గార్డు శిఖరాలు, బానెట్ అంచులు, తలుపు మూలలు వేలు తగిలినా అరిగిపోతాయి కాబట్టి వాటిని ముందుగా సన్నని టేపుతో కప్పి, చివర్లో టేపు తీసి ఒక్కసారి మాత్రమే తాకించండి. ఆ తర్వాత ముతక, నడిమి, సన్న పాలిషింగ్ కాంపౌండ్లను వరుసగా, ఒక్కోదానికి వేరు మెత్తని నూలు గుడ్డతో వాడండి. పని ముగిశాక ట్యూబులైటును బాడీ మీదికి వంచి, దాని ప్రతిబింబాన్ని చూడండి. ఆ గీత తలుపు నుంచి వెనుక మడ్‌గార్డు వరకు వంకర లేకుండా సాగాలి. వంకర పోయిన చోట మళ్లీ రుద్దాలి.

నికెల్, క్రోమ్

కిట్‌లో వచ్చే క్రోమ్ భాగాలను చాలామంది అలాగే అంటించేస్తారు. ఆ పూత మందంగా ఉంటుంది, కింద అచ్చు గీత దాగి ఉంటుంది, జిగురు కూడా దాని మీద పట్టదు. దాన్ని తీసేయడం కష్టం కాదు. ఆ మెరుపు సన్నని అల్యూమినియం పొర మాత్రమే కాబట్టి బట్టలకు వాడే బ్లీచ్ ద్రవంలో నానబెడితే కరిగిపోతుంది. గ్లోవ్స్ వేసుకుని, కిటికీ తెరిచి, ఆ ద్రవాన్ని బాత్రూం కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలవకుండా చూసుకోండి. రెండూ కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

పూత పోయాక గీతలన్నీ రుద్ది, నిగనిగలాడే నలుపు వేసి, అది గట్టిపడిన తర్వాత ఆల్‌క్లాడ్ వంటి క్రోమ్ లాకర్‌ను తక్కువ ఒత్తిడితో, చాలా పలుచగా వేయండి. ఎక్కువ వేస్తే అద్దంలా మెరవాల్సింది బూడిదరంగుకు మారుతుంది. కింది నలుపు ఎంత నునుపుగా ఉంటే పైది అంత మెరుస్తుంది. నికెల్ కావాలంటే పారదర్శక పసుపులో ఒక్క బొట్టు పారదర్శక నారింజ కలిపి, చాలా పలుచన చేసి, దాని మీద ఒక్క పూత వేయండి. తేడా తెలిసీ తెలియనట్టు ఉండాలి. పక్కన క్రోమ్ ముక్కను పెట్టి చూసినప్పుడే వెచ్చదనం కనిపించాలి.

కిటికీ చట్రాలకు, విండ్‌షీల్డ్ చుట్టూ ఉండే పట్టీలకు లాకర్ కంటే మెటల్ ఫాయిల్ మంచిది. పాతబస్తీలో మిఠాయిల మీద వేసే వెండి వరఖును చూసి, అంత పలుచటి రేకు నమూనాకు సరిపోతుందనిపించడం సహజమే. కానీ అది మూలల దగ్గర చిరుగుతుంది, అసలైన వెండి కాబట్టి కొన్నాళ్లకు నల్లబడుతుంది. వెనుక జిగురున్న నమూనాల ఫాయిల్‌నే వాడండి. కావలసిన దానికంటే కాస్త పెద్ద ముక్కను కొత్త బ్లేడుతో కోసి, పట్టకారుతో లేపి, చట్రం మీద వదులుగా వాల్చండి. వేలితో నొక్కవద్దు. ఇయర్ బడ్‌తో మధ్య నుంచి అంచులకు నెమ్మదిగా రుద్దుతూ ముడతలను బయటకు తోయండి. మూలల్లోకి, గాడుల్లోకి పంటిపుల్ల చివరను మొద్దు చేసి దించండి. ఆ తర్వాత బ్లేడును వాలుగా పట్టుకుని, చట్రం అంచు చెప్పిన దారిలోనే, బరువు వేయకుండా, ఒకే లాగులో కోయాలి. కోసిన ముక్క వదలకుండా లాగుతుంటే బ్లేడు మొద్దుబారిందని అర్థం, వెంటనే మార్చండి. రెండు ముక్కలు కలిసే చోటు తలుపు గీత మీద పడేలా చూసుకుంటే అతుకు కనిపించదు.

బానెట్ నడుమ పొడవునా సాగే కీలును చూపడానికి ఇంకా మంచి ఉపాయం ఉంది. ప్రైమర్ వేశాక, రంగుకు ముందే, ఉబ్బెత్తుగా ఉన్న ఆ కీలు మీద ఫాయిల్ అంటించండి. దాని మీదుగానే రంగు వేయండి. రంగు ఇంకా మెత్తగా ఉన్నప్పుడే, థిన్నర్‌లో తడిపి పిండిన గుడ్డను వేలికి బిగుతుగా చుట్టి, కీలు శిఖరం మీద మాత్రమే పొడవుగా లాగండి. ఉబ్బెత్తు మీది రంగు పోయి కింద లోహం వెంట్రుకంత గీతగా బయటపడుతుంది. బ్రష్‌తో అంత సన్నని, తిన్నని గీత ఎవరికీ సాధ్యం కాదు. ఆ తర్వాతే క్లియర్ వేయాలి.

రేడియేటర్ చట్రం అంచులు పదునుగా ఉండాలి. రోల్స్ రాయిస్ ముఖానికి ఆ గంభీరత వచ్చేది ఆ పదును వల్లే. ఎమరీని అద్దం పలక మీద పరిచి, చట్రాన్ని దాని మీద తేలిగ్గా నడిపితే అంచులు గుండ్రబడవు. నిలువు పలకల మధ్య పలుచటి నలుపు పారించి, పలకల పైభాగాన్ని ఇయర్ బడ్‌తో తుడిస్తే లోతు వస్తుంది.

లోపలి భాగం, ఇంజను, చక్రాలు

సీట్ల తోలుకు పూర్తి మెరుపూ వద్దు, పూర్తి మసకదనమూ వద్దు. మధ్యస్థంగా ఉండే సాటిన్ వేసి, మడతల్లో కొంచెం ముదురు గోధుమరంగును పలుచగా పారించండి. డ్యాష్‌బోర్డుకు అసలు చెక్క రేకును అంటించాలని చూడకండి, నిజమైన చెక్క నార ఈ కొలతలో తాడంత కనిపిస్తుంది. లేత గోధుమరంగు మీద ముదురు గోధుమ ఆయిల్ రంగును గట్టి కుచ్చు బ్రష్‌తో ఒకే దిశలో లాగి, బాగా ఆరాక పారదర్శక నారింజ, ఆపైన క్లియర్ వేస్తే పాలిష్ పట్టిన వాల్‌నట్ కర్ర వస్తుంది. కార్పెట్ కావలసిన చోట రంగు తడిగా ఉన్నప్పుడే టాల్కం పౌడరు జల్లి, ఆరాక దులిపి, మళ్లీ పలుచగా అదే రంగు వేయండి.

అద్దాలను అంటించడానికి ఫెవిక్విక్ వంటి జిగురు వాడితే దాని ఆవిరికి అద్దం తెల్లబారుతుంది. ఫెవికాల్‌ను పంటిపుల్లతో చుక్కలుగా పెట్టండి. ఆరాక కనిపించదు, ఎక్కువైనదాన్ని తడిగుడ్డతో తుడవవచ్చు.

ఇంజనులో ప్లగ్గు తీగలు, ఇంధన గొట్టాలు అమర్చేటప్పుడు తీగ నేరుగా బిర్రుగా ఉండకూడదు. సొంత బరువుకు కొద్దిగా జారినట్టు వంచండి. చక్రాల ఊచలు కిట్‌లో మందంగా ఉంటే లోహపు రేకుతో చేసిన ఊచల సెట్లు దొరుకుతాయి. మొదటి నమూనాలో ఆ శ్రమ పడకుండా, కిట్ ఊచల వెనుక భాగానికి నల్ల రంగు వేస్తే అవి సగం సన్నగా కనిపిస్తాయి. టైర్ల నలుపును కొద్దిగా బూడిద వైపు తిప్పి, నేలకు ఆనే భాగాన్ని ఎమరీతో గరుకు చేయండి.

ఇంటి బల్ల మీద పెట్టేటప్పుడు

కిట్‌లో వచ్చే మెత్తని వినైల్ టైర్లలోని నూనె పదార్థం కొన్నేళ్లలో ప్లాస్టిక్ రిమ్ములను, ప్లాస్టిక్ పీఠాన్ని కరిగించేస్తుంది. రిమ్ములకు టైరు తాకే చోట ఫాయిల్ చుట్టి అప్పుడే టైరు ఎక్కించండి. పీఠం చెక్కదైతే, బరువు టైర్ల మీద కాకుండా ఛాసిస్ మీద పడేలా ఇరుసుల కింద రెండు చిన్న ఇత్తడి దిమ్మలు పెట్టి, పీఠం కింది నుంచి సన్నని మరలతో బిగించండి. మూతకు యాక్రిలిక్ పెట్టె చాలు. వానకాలానికి లోపల ఒక సిలికా జెల్ పొట్లం వేయండి. పడమటి ఎండ పడే కిటికీ పక్కన పెట్టకండి, ఎండకు ముందు రంగు వెలుస్తుంది, ఆ తర్వాత పొడవైన రన్నింగ్ బోర్డు కుంగుతుంది. మేలో నమూనాను ఎవరికైనా చూపించడానికి తీసుకెళ్తే, ఆపి ఉంచిన కారులో దాన్ని వదిలి వెళ్లకుండా మీతోపాటే లోపలికి తీసుకెళ్లండి.